బరువు తగ్గి రమ్మని పంపించే ముందు: ప్లాస్టిక్ సర్జన్లకు ఒక బహిరంగ లేఖ

ఉత్తరాంధ్ర స్త్రీలకు రొమ్ము తగ్గింపు శస్త్రచికిత్స చేసే ప్లాస్టిక్ సర్జన్లందరికీ నమస్కారం.

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎంతో సిగ్గు చంపుకుని మీ దగ్గరకు వచ్చిన ఆడవాళ్లు కొందరు ఒకే మాట పట్టుకుని ఇంటికి తిరిగొస్తున్నారు. "బరువు తగ్గి రండమ్మా, అప్పుడు చూద్దాం." నాకూ ఆ మాటే దక్కింది. దాని మీద మీతో కాస్త తగవు పెట్టుకోవాలనే ఈ లేఖ. మీరు చెప్పేది అబద్ధమని నేను అనను. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం మీరు చెప్పకుండా వదిలేస్తున్నారు. మా తిప్పలన్నీ ఆ వదిలేసిన సగంతోనే.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. రోజంతా నిలబడటం, చెయ్యెత్తి బోర్డు మీద రాయడం నా ఉద్యోగం. మూడో పీరియడ్ అయ్యేసరికి మెడ నుంచి భుజం మీదుగా చిటికెన వేలి దాకా తిమ్మిరి పాకుతుంది. భుజాల మీద బ్రా పట్టీ దిగిన చోట గాడి ఉంది. అందులో చూపుడు వేలు పెడితే వేలు సగం మందం లోపలికి దిగుతుంది. ఆ గాడిలో చర్మం నల్లబడి, గట్టిపడి, మడమ చర్మంలా అయింది. పాత నూలు చీర చింపి మడతపెట్టి పట్టీ కింద పెట్టుకోవడం మా ఇళ్లలో ఆడవాళ్లకు తరతరాలుగా తెలిసిన వైద్యం. ఇక ఉక్కపోత రోజుల్లో రొమ్ము కింది మడత ఒరిసిపోయి, చెమటకు నాని, ఫంగస్ పట్టి మండుతుంటే ఎవరికి చెప్పుకోవాలి? పౌడరు చల్లుకుంటాం. పౌడరు చెమటతో కలిసి ముద్దయి ఇంకాస్త ఒరుస్తుంది.

ఇదంతా మీకు కొత్త కాదు. మీ పుస్తకాల్లో ఉన్నదే. కానీ మీ దాకా వచ్చేసరికి మా కథ ఎంత దూరం నడిచి వస్తుందో మీకు తెలియకపోవచ్చు. ముందు ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లి "మెడ నొప్పి" అంటాం. ఎక్స్‌రే తీస్తారు, మెడకు పట్టీ ఇస్తారు, నొప్పి మాత్రలు రాస్తారు. ఛాతీ మీద మోస్తున్న బరువు గురించి ఆయన అడగరు, మనం చెప్పం. ఏళ్లు గడిచిపోతాయి. ఎప్పటికో ఎవరో దీనికి ఆపరేషన్ ఉందని చెబితే, ఇంట్లో అత్తగారికి ఒకటి చెప్పి, ఆయనకు ఇంకోటి చెప్పి, బస్సెక్కి మీ దగ్గరకు వస్తాం.

నన్ను చూసిన ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. అక్కడ ఏం జరిగిందో మాత్రం చెప్పాలి. నర్సు నన్ను మెషీన్ ఎక్కించింది, 78 కిలోలు. "ఎత్తెంతమ్మా?" అని అడిగింది. ఎప్పుడో పాత కార్డులో ఉన్న 5 అడుగుల 2 అంగుళాలు చెప్పాను. అదే రాసుకుంది. డాక్టరు గారు కాలిక్యులేటర్ నొక్కి, "బీఎంఐ 31 దాటింది, 30 లోపు ఉండాలి" అన్నారు. బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. కుర్చీలోంచి లేవలేదు. భుజం చూడలేదు. మడత కింద పుండు ఉందా అని అడగలేదు. షుగరు, బీపీ, రక్తం ఎంత ఉంది, వేసుకుంటున్న మందులేమిటి, ఈ ప్రశ్నలేవీ రాలేదు. డైట్ చీటీ ఒకటి చేతికొచ్చింది. అందులో ఓట్స్, బ్రకోలీ, ఆలివ్ నూనె. మా ఊరి సంతలో బ్రకోలీ అడిగితే ఏమంటారో ఊహించుకోండి. చోడి (రాగి) అంబలి తాగి పెరిగిన ప్రాంతానికి ఓట్స్ రాసిన చీటీ అది.

తర్వాత మా బడిలో పిల్లల ఎత్తు కొలిచే స్కేలు దగ్గర నిలబడి చూసుకుంటే నా ఎత్తు 154 సెంటీమీటర్లు. అంటే బీఎంఐ 31 కాదు, దాదాపు 33. మీరు అడిగిన 30కి చేరాలంటే వారు రాసుకున్న ఎత్తు ప్రకారం 74 కిలోలకు దిగితే చాలు. అసలు ఎత్తు ప్రకారం 71కి దిగాలి. గోడకు నిలబెట్టి కొలవని ఆ కాస్త ఎత్తు నా లక్ష్యాన్ని మూడు కిలోలకు పైగా మార్చేసింది. లెక్క నాకు వ్యతిరేకంగానే తేలింది, అయినా చెబుతున్నాను. ఒక మనిషికి ఆపరేషన్ ఇవ్వాలా వద్దా అని ఒకే అంకెతో తేల్చేవారు ఆ అంకెనైనా సరిగా కొలవాలి కదా.

ఆ అంకె పుట్టుక కూడా చూడండి. 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త క్వెటెలె జనసమూహాల సగటు తేల్చడానికి వేసిన లెక్క అది. 1972లో ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి కోసం తయారైనది కాదు. అందులో కండ, కొవ్వు, నీరు, రొమ్ము అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. బరువు అనగానే మా జిల్లాలో గుర్తొచ్చేది ఊసవానిపేట కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ 69 కిలోల్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది బీఎంఐకి ఎప్పటికీ తెలియదు. ఇంకో చిత్రం చూడండి. రెండు వైపులా కలిపి మీరు మూడు కిలోలు తీసేయాల్సిన స్త్రీ వచ్చిందనుకోండి. ఆ మూడు కిలోలు ఆమె బీఎంఐకి ఒకటికి పైగా కలుపుతాయి. అంటే ఏ బరువు వదిలించుకోవడానికి మీ దగ్గరకు వచ్చిందో ఆ బరువునే ఆమె మీద నేరంగా మోపుతున్నారు.

ఇక మీ వైపు సగం. దాన్ని నేనే చెబుతాను, ఎందుకంటే మీరు నాకు చెప్పలేదు, నేను వెతుక్కుని చదువుకున్నాను. కొవ్వు పొరలకు రక్త సరఫరా తక్కువ. అందుకని ఊబకాయం ఉన్నవారిలో గాయం ఆలస్యంగా మానడం, చీము పట్టడం, కుట్లు విడిపోవడం ఎక్కువ. తలకిందులైన టీ ఆకారంలో కుట్లు వేసినప్పుడు నిలువు గీత, అడ్డగీత కలిసే చోటే ముందు తెరుచుకుంటుంది. రొమ్ము మరీ పెద్దదై, చాలా కణజాలం తీయాల్సి వస్తే చనుమొనకు రక్తం అందక అది దెబ్బతినే ప్రమాదమూ పెరుగుతుంది. మత్తు ఇచ్చేవారికి గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుంది; నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బయటపడకుండా ఉండి ఉండవచ్చు; కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఇవి కాక ఇంకో మంచి కారణం ఉంది. ఆపరేషన్ అయ్యాక పదిహేను కిలోలు తగ్గితే మీరు శ్రద్ధగా తీర్చిన ఆకారం మళ్లీ జారిపోతుంది. అందుకే బరువు ముందే తగ్గి, కొన్ని నెలలు నిలకడగా ఉండాలంటారు. ఇందులో నాకు పేచీ లేదు. ఇదంతా రెండు నిమిషాల్లో చెప్పగలిగిన సంగతి. ఆ రెండు నిమిషాలు ఇస్తే "బరువు తగ్గి రండి" అనే మాట కొట్టినట్టు కాకుండా వైద్యంలా వినిపిస్తుంది.

పేచీ ఆ గీత ఎక్కడ గీస్తారన్న దగ్గర. బీఎంఐ పరిమితి ఒక డాక్టరుకు 30, ఇంకొకరికి 35. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బీఎంఐ 27 లోపు ఉండాలి, ఏడాది పాటు నిలకడగా ఉండాలి, ప్రతి వైపు 500 గ్రాములైనా లేదా నాలుగు కప్పు సైజులైనా తగ్గించేలా ఉండాలి. అమెరికాలో బీమా కంపెనీలు చాలావరకు ఎన్ని గ్రాములు తీస్తారని అడుగుతాయి. 1991లో ష్నుర్ అనే వైద్యుడు ఇచ్చిన పట్టిక ప్రకారం శరీర ఉపరితల వైశాల్యం (ఎత్తు, బరువుల నుంచి లెక్కించేది) పెరిగే కొద్దీ తీయాల్సిన గ్రాములూ పెరగాలి. ఒకే స్త్రీ ఒక దేశంలో లావు ఎక్కువని, ఇంకో దేశంలో తీసేది తక్కువని రెండు చోట్లా తలుపు బయటే నిలబడగలదు. శరీరం మారలేదు, దాన్ని చూసే కాగితం మారింది. ఈ గీతల్లో కొంత శాస్త్రం, కొంత ఖజానా లెక్క కలగలిసి ఉన్నాయి. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది కొలిచి చూసింది. బరువు తగ్గడం, వ్యాయామం, ప్రత్యేకమైన బ్రాలు, మందులు శాశ్వత ఉపశమనం ఇవ్వలేదని, ఆపరేషన్ ఇచ్చిందని, ఆ లాభానికి మనిషి బరువుతో గానీ తీసిన గ్రాములతో గానీ సంబంధం లేదని తేల్చింది. ప్రమాదం బరువుతో పెరుగుతుంది, లాభం మాత్రం బరువుతో తరగదు. ఈ రెండూ కలిపి చూసుకుని నిర్ణయం తీసుకోవాల్సింది ఎవరు? నేను కూడా కదా?

బరువు తగ్గితే రొమ్మూ తగ్గుతుంది కదా అంటారు. కొందరికి తగ్గుతుంది, కాదనను. రొమ్ములో కొవ్వు ఎక్కువ ఉన్నవారికి, ముఖ్యంగా ముట్లుడిగిన వయసువారికి, ఎంతో కొంత ఫలితం ఉంటుంది. పాలు తయారుచేసే గ్రంథి కణజాలం ఎక్కువ ఉన్నవారికి మొహం పీక్కుపోతుంది, చేతులు సన్నబడతాయి, అది మాత్రం అక్కడే ఉంటుంది. మా వీధిలో జాకెట్లు కుట్టే అక్క ఈ సంగతి మీకంటే బాగా చెబుతుంది. నడుము 28, ఛాతీ 42 ఉన్న అమ్మాయికీ, నడుము 40, ఛాతీ 38 ఉన్న పెద్దావిడకీ ఆమె అదే టేపుతో కొలతలు తీస్తుంది. ఆమె పుస్తకంలో లావుకూ రొమ్ముకూ ముడిపెట్టే వరుస ఎక్కడా లేదు. ఆ సన్నటి అమ్మాయి డిగ్రీ చదువుతోంది, పుస్తకాల సంచి గుండెలకు అడ్డం పెట్టుకుని నడుస్తుంది. ఆమెకు మీ తక్కెడ అడ్డు చెప్పదు, సరే. ఆ పెద్దావిడ బాధను మాత్రం లావు కింద జమకట్టేస్తారు.

నడవమంటారు. నడుస్తాను. ఇంతటి బరువు ముందుకు లాగుతుంటే వేగంగా నడవడం అంటే ప్రతి అడుగుకూ మెడ మీద ఒక దెబ్బ. మా పట్టణంలో ఈ సైజుకు గట్టిగా పట్టి ఉంచే బ్రా దుకాణంలో దొరకదు, తెప్పించినా సరిపోదు. రెండు బ్రాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని ఊపిరాడకుండా నడవాలి. తెల్లవారుజామున రోడ్డు మీద కుర్రాళ్ల చూపుల గురించి రాయను, మీ ఇళ్లలోని ఆడవాళ్లను అడగండి. ఈ మధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. నెలనెలా వాటికయ్యే ఖర్చు పలాసలో రోజంతా కూర్చుని జీడిపప్పు పొట్టు తీసే ఆడకూలీకి అసలు మాటే కాదు. పైగా ఆ మందు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది కనుక మత్తు ఇచ్చేవారికి ముందే చెప్పాలట. అదీ నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదుకు వస్తాను. బరువు దగ్గరే మీ ప్రశ్నలు ఆగిపోతే ఈ నేలకు చెందిన ప్రమాదాలు మీ కళ్లబడవు.

మొదట చుట్ట. "సిగరెట్ తాగుతారా?" అని మీరు అడిగితే మా తీరంలోని పెద్దావిడ లేదనే చెబుతుంది. నిజమే చెబుతుంది. ఆమె తాగేది చుట్ట, అదీ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ. శ్రీకాకుళం జిల్లాలో ఈ అలవాటు మీద, దానివల్ల అంగిలికి వచ్చే జబ్బుల మీద 1971లోనే విదేశీ వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది. పొగాకులోని నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. రొమ్ము తగ్గింపులో చనుమొన, చర్మం బతికేది ఆ సన్నటి నాళాల మీదే. 60 కిలోల చుట్ట అలవాటున్న స్త్రీని అంకె బాగుందని బల్ల ఎక్కించి, 78 కిలోల, ఏ అలవాటూ లేని స్త్రీని వెనక్కి పంపితే ఎవరి కుట్లు ముందు విడిపోతాయో మీరే చెప్పండి. చుట్టను ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందైనా మానిపించాలంటే ముందు ఆ ప్రశ్న అడగాలి, మా మాటలో అడగాలి.

రెండోది నొప్పి మాత్ర. బరువు తగ్గే వరకు నొప్పి ఆగదు, కాబట్టి మాత్ర మింగుతాం. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు చీటీ లేకుండానే చేతికొస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస. మా జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతపు ఈ పేర్లు చదవగానే మీకు అక్కడ ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బు గుర్తురావాలి. ఆ జబ్బుకు మూలం ఏమిటన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరవాల్సినంత పెద్ద గోడు అది. అలాంటి చోట ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగే స్త్రీకి కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష రాయకుండా "ఆరు నెలలు ఆగి రండి" అనడం నా దృష్టిలో నిర్లక్ష్యమే. ఆగడం వల్ల కలిగే నష్టం మీ ప్రమాదాల పట్టికలో ఏ గడిలోనూ కనిపించదు. మీరు ఆపరేషన్ చేస్తే వచ్చే చీము మీ లెక్కలో పడుతుంది. మీరు చేయనందుకు చెడిన కిడ్నీ ఎవరి లెక్కలోనూ పడదు.

మూడోది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. బీఎంఐ 25 దాటినవారు 36.3 శాతం. రెండూ ఒకే శరీరంలో ఉండొచ్చు కూడా. లావుగా ఉంది కాబట్టి తిండికి లోటు లేదనుకోవడం పొరపాటు. పూటకు రెండు పళ్లేల అన్నం, చారు తిన్న ఒంట్లో బరువు ఉంటుంది, ఇనుము ఉండదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. బీమా నియంత్రణ సంస్థ నిబంధనల్లో అందం కోసం చేసే శస్త్రచికిత్సలు మినహాయింపు నంబరు 8 కింద వస్తాయి, అంటే వాటికి బీమా డబ్బు రాదు. కానీ అదే వాక్యంలో ఒక సందు ఉంది: ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణ ముప్పును తొలగించడానికి వైద్యపరంగా అవసరమైతే ఆ మినహాయింపు వర్తించదు, ఆ అవసరాన్ని చికిత్స చేసే వైద్యుడే ధ్రువీకరించాలి. అంటే తాళం చెవి మీ పెన్నులో ఉంది. భుజం గాడి లోతు, మడత కింద పుండ్లు ఎన్నిసార్లు వచ్చాయి, వాడిన మందులు, వేళ్ల తిమ్మిరి ఇవన్నీ మొదటి రోజు నుంచే మీ రాతలో నమోదైతే మాకు కొంత ఆధారం ఉంటుంది. నా చీటీలో ఉన్నది ఒక్క ముక్కే: "వెయిట్ లాస్ సలహా ఇచ్చాం." ఆ ముక్క చూపించి ఏ బీమా కంపెనీని ఒప్పించను?

కాబట్టి మీరు ఏం చేస్తే బాగుంటుందో చెబుతాను. మమ్మల్ని ముందు పరీక్షించండి, తక్కెడ తర్వాత. ఎత్తు గోడకు నిలబెట్టి కొలవండి. బరువు తగ్గాలంటే ఎంత, ఎప్పటిలోగా, ఏ ప్రమాదం తగ్గడానికి అన్నది చీటీ మీద రాయండి. "30" అని ఊరుకోకుండా "మీరు 71 కిలోలకు వస్తే కుట్లు మానే అవకాశం మెరుగు" అని రాస్తే మేము గోడకు అంటించుకుంటాం. అక్కడికి చేరలేకపోతే ఏం జరుగుతుందో కూడా చెప్పండి. ఆ ప్రమాదం తెలిసీ నేను ఒప్పుకుంటే చేస్తారా, చేయరా? చేయనంటే చేసేవారి దగ్గరకు పంపిస్తారా? ఈలోగా మడత కింది ఫంగస్‌కు మందు, మెడకు ఫిజియోథెరపీ, కిడ్నీకి పరీక్ష, నలభై దాటినవారికి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మొదలుపెట్టవచ్చు. వీటికి బీఎంఐ అడ్డు రాదు. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలకు, ఈ ఆపరేషన్ తర్వాత పాలు తగ్గవచ్చని, చనుమొన స్పర్శ పోవచ్చని, మచ్చలు జీవితాంతం ఉంటాయని ముందే చెప్పండి. బరువు ఒక్కటే చర్చ అయిపోయినప్పుడు ముందుగా మరుగున పడేవి ఈ మాటలే.

ఫోటోల గురించి ఒక మాట. చికిత్సకు ముందు ఫోటోలు తీయాలన్నది అర్థమైంది. అవి ఎవరి ఫోనులో ఉంటాయో, ఎప్పుడు తుడిచేస్తారో చెప్పండి, గదిలో ఒక ఆడమనిషిని ఉంచండి. మా జిల్లాల నుంచి కొందరు మీ గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా తిరిగిపోవడానికి ఇదీ ఒక కారణం.

నేను 76కి వచ్చాను. మళ్లీ మీలో ఎవరో ఒకరి దగ్గరకు వస్తాను, ఈసారి క్రియాటినిన్, హిమోగ్లోబిన్, షుగరు రిపోర్టులు నేనే చేయించుకుని తెస్తాను. ఈలోగా మీ ఆసుపత్రిలో బరువు పరిమితి ఎంతో, ఆ అంకె ఎందుకో, ఆ పరిమితి దాటినవారికి మీరు ఏం చేస్తారో తెలుగులో ఒక పేజీ రాసి ఓపీ గదిలో పెట్టండి. పెట్టినవారు నాకు తెలియజేస్తే, ఎవరి దగ్గరకు వెళ్లాలని అడిగే మా వాళ్లకు ముందు మీ పేరే చెబుతాను.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లాలో ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని